టార్చి కొనేటప్పుడు కిలోమీటర్లు చూడకండి, మీ గట్టు చూడండి



ప్రకృతి వ్యవసాయం పేజీలో టార్చి లైటు గోల ఏంటి అని కొందరికి అనిపించొచ్చు. కానీ మా వీడియోల కింద ఎక్కువగా వచ్చే ప్రశ్నల్లో ఇదొకటి. "అన్నా, మూడు కిలోమీటర్లు కొట్టే లైటు ఏదో చెప్పండి", "లక్ష ల్యూమెన్ల టార్చి ఆన్‌లైన్‌లో తక్కువకి ఇస్తున్నారు, కొనొచ్చా?" అని అడుగుతూనే ఉన్నారు. జీవామృతం కలిపే డ్రమ్ము దగ్గర రూపాయి రూపాయి లెక్క చూసుకునే మనం, టార్చి దగ్గరికి వచ్చేసరికి డబ్బా మీద పెద్ద అంకె చూసి మూడు వేలు, నాలుగు వేలు పెట్టేస్తున్నాం. అందుకే ఈసారి వీడియో దీని మీదే చేశాను. వీడియోలో చెప్పలేకపోయిన లెక్కలు ఇక్కడ రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. మన పొలాలకి దూరం కొట్టే లైటు అవసరం చాలా తక్కువ. మనల్ని కాపాడేది కాళ్ళ ముందు వెడల్పుగా, తెల్లారేదాకా నిలకడగా వెలిగే లైటు. డబ్బు దాని మీద పెట్టండి.

ల్యూమెన్ వేరు, దూరం వేరు

టార్చి డబ్బా మీద రెండు అంకెలు పెద్దగా ఉంటాయి. ఒకటి ల్యూమెన్లు, రెండోది మీటర్లు. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే మోసపోతాం.

బోరు నీళ్ళతో చెప్తాను. పైపులోంచి నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తున్నాయి అనేది ల్యూమెన్ లాంటిది. అంటే లైటులోంచి వచ్చే మొత్తం వెలుతురు. ఇప్పుడు ఆ పైపు చివర బొటనవేలు అడ్డం పెట్టండి. నీళ్ళు నాలుగు మడులు దాటి పడతాయి. నీళ్ళు పెరిగాయా? లేదు. ఉన్న నీళ్ళే సన్నగా ఒక దిక్కుకి పోయాయి. అలా ఒక దిక్కుకి ఎంత గట్టిగా పోతుందో చెప్పే కొలతని క్యాండెలా అంటారు. దూరం ఈ క్యాండెలా మీదే ఆధారపడుతుంది, ల్యూమెన్ల మీద కాదు.

అందుకే కొన్ని వందల ల్యూమెన్లతోనే కిలోమీటరు దాటే లైట్లు ఉన్నాయి. లేజర్‌తో పనిచేసే కొత్త రకం టార్చిలు అలాంటివే. గీత గీసినట్టు సన్నటి వెలుగు వస్తుంది. ఇంకోపక్క, అయిదు వేల ల్యూమెన్లు ఉండి కూడా రెండు మూడు వందల మీటర్లు దాటని లైట్లు ఉన్నాయి. అవి వెలుగుని నాలుగు పక్కలకి పరుస్తాయి. లోపల ఉండే అద్దం గిన్నె పెద్దదిగా, లోతుగా ఉండి, ఎల్ఈడీ చుక్క చిన్నదిగా ఉంటే దూరం పోతుంది. ఎల్ఈడీలు నాలుగైదు గుత్తిగా ఉంటే, లేదా ముందు గాజు గరుకుగా ఉంటే వెడల్పుగా పరుచుకుంటుంది. డ్రిప్పు మంచిదా స్ప్రింక్లర్ మంచిదా అని ఊరికే అడిగితే సమాధానం ఉండదు కదా, పంటని బట్టి చెప్పాలి. ఇదీ అంతే.

డబ్బా మీద రాసే "దూరం" అసలు అర్థం

మంచి కంపెనీలు ఏఎన్ఎస్ఐ ఎఫ్ఎల్ 1 అనే అమెరికా ప్రమాణం ప్రకారం కొలుస్తాయి. ఇది మొదట 2009లో వచ్చింది. దాని ప్రకారం "బీమ్ దూరం" అంటే, టార్చి వెలుగు తగ్గుతూ తగ్గుతూ 0.25 లక్సుకి పడిపోయే చోటు. 0.25 లక్సు అంటే ఎంతో తెలుసా? మబ్బులేని పౌర్ణమి రాత్రి వెన్నెల ఎంతో అంత. లక్సు అంటే ఒక చోట నేల మీద పడే వెలుతురు కొలత.

అంటే డబ్బా మీద 400 మీటర్లు అని ఉంటే, 400 మీటర్ల దగ్గర వెన్నెలంత వెలుతురు పడుతుందని మాత్రమే. అక్కడ ఉన్నది పందో, పొదో, పక్కింటాయన గేదో తెలుస్తుందని కాదు. వెన్నెల్లో మనం నిలబడ్డ చోట దారి కనిపిస్తుంది. నాలుగు వందల మీటర్ల దూరంలో ఏముందో కనిపించదు.

లెక్క చాలా సులువు. క్యాండెలాకి వర్గమూలం కట్టి రెండుతో గుణిస్తే మీటర్లు వస్తాయి. 10,000 క్యాండెలా ఉంటే వర్గమూలం 100, దూరం 200 మీటర్లు. 40,000 ఉంటే 400 మీటర్లు. గమనించారా, దూరం రెండింతలు కావాలంటే క్యాండెలా నాలుగింతలు కావాలి. కిలోమీటరు కావాలంటే 2,50,000 క్యాండెలా. రెండు కిలోమీటర్లకి 10 లక్షలు. మూడు కిలోమీటర్లు అంటే 22 లక్షల 50 వేలు. అరచేతిలో పట్టే చవక టార్చి మీద "3000 మీటర్లు" అని రాసి ఉంటే ఏమనుకోవాలో మీకే తెలుస్తుంది.

నా అనుభవంలో వస్తువుని గుర్తుపట్టడానికి డబ్బా మీద అంకెలో సగం తీసుకోవడం మంచిది. సగం దూరంలో 1 లక్సు, పావు దూరంలో 4 లక్సులు ఉంటాయి. 200 మీటర్ల టార్చి అంటే 50 నుంచి 100 మీటర్ల దాకా పనికొచ్చేది అనుకోండి.

ఇప్పుడు మీ పొలం కొలవండి

ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. నలుచదరంగా ఉంటే ఒక్కో గట్టు 64 మీటర్లు కూడా ఉండదు. అయిదెకరాల ముక్క నలుచదరంగా ఉంటే ఒక పక్క 142 మీటర్లు. పదెకరాలు అయితే 201 మీటర్లు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారు, ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టారు. అంటే రెండున్నర ఎకరాల లోపే. ఒక హెక్టారు పొలంలో ఈ మూల నుంచి ఆ మూలకి ఏటవాలుగా కొలిచినా 141 మీటర్లు.

మరి కిలోమీటరు లైటు ఎవరి పొలం చూడటానికి? మన పొలం దాటాక ఆ వెలుగు పక్కవాళ్ళ మీదుగా, రోడ్డు మీదుగా పోతుంది. బండి మీద వచ్చేవాడి కళ్ళలో పడితే వాడు కాలవలో పడతాడు. ఇది నవ్వులాట కాదు, నిజంగా జరిగే పనే.

అన్యాయంగా మాట్లాడకూడదు కాబట్టి ఇంకో మాట కూడా చెప్తాను. అడవి అంచున ఇరవై ఎకరాల మామిడి తోట ఉండి, మంచె మీద కాపలా కాసేవాళ్ళకి దూరం కొట్టే లైటు పనికొస్తుంది. చెరువు గట్టు మీద కాపలా ఉండే చేపల రైతుకీ పనికొస్తుంది. పలమనేరు, కుప్పం పక్క ఏనుగులు తిరిగే ఊళ్ళలో అవి ఎంత దూరంలో ఉన్నాయో తెలియడం ప్రాణానికి సంబంధించిన విషయం. అయితే అక్కడ కూడా, లైటు ఉంది కదా అని ఏనుగుకి ఎదురెళ్ళి ముఖం మీద కొట్టడం వద్దు. వెనక్కి తగ్గి అటవీ సిబ్బందికి చెప్పాలి. ఇలాంటి వాళ్ళు మనలో కొద్దిమందే. మిగతా మన అందరికీ 200 మీటర్ల బీమ్ ధారాళంగా సరిపోతుంది.

పందుల విషయం

"అన్నా, పందుల కోసం" అంటారు. సరే, పందుల సంగతే మాట్లాడుకుందాం.

కుక్క, ఆవు, జింక, నక్క వీటి కళ్ళ మీద టార్చి వేస్తే మెరుస్తాయి. కంటి వెనక వెలుగుని తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది. పందికి ఆ పొర లేదు. అందుకే జింక కళ్ళలా దూరం నుంచి మెరిసి పట్టివ్వదు. నల్లటి ఒళ్ళు, చీకట్లో మొక్కజొన్న లోపల. ఎంత దూరం కొట్టే లైటు వేసినా బయటి వరస ఆకులే తళతళ మెరుస్తాయి, లోపల పంది దాని పని అది చేసుకుంటుంది. వెలుగు ఆకుల్ని దాటి పోదు కదా.

ఇంకోటి, లైటుకి పంది మొదట రెండు మూడు రోజులు బెదురుతుంది. తర్వాత అలవాటు పడిపోతుంది. ఏ హానీ చెయ్యని వెలుగు అని దానికి అర్థమైపోతుంది. పందుల్ని ఆపాల్సింది కంచె, సోలార్ ఫెన్సింగ్, గట్టు వెంబడి ఆముదం, కుసుమ లాంటి అంచు పంటలు, కలిసి కాపలా కాయడం. టార్చి మనకి చూపు ఇస్తుంది, అంతే. పంటని అది కాపాడదు.

పందుల వల్ల వచ్చిన ఇంకో ముప్పు ఉంది. కొందరు పొలం చుట్టూ తీగ కట్టి నేరుగా కరెంటు ఇస్తున్నారు. అది నేరం. ఆ తీగ తగిలి పక్క పొలం రైతులు, కొన్నిసార్లు కట్టినవాళ్ళే చనిపోయిన వార్తలు పేపర్లో చదువుతూనే ఉన్నాం. మోకాలి ఎత్తులో ఉండే సన్నటి తీగ దూరం కొట్టే లైటుకి కనపడదు. ఎందుకంటే మన చూపు వెలుగు పడిన చోటికి, అంటే వంద మీటర్ల అవతలికి పోతుంది. తీగ రెండడుగుల ముందు ఉంటుంది. కాళ్ళ ముందు వెడల్పుగా వెలుగు పడే లైటు ఉన్నవాడు దాన్ని చూసి ఆగే వీలుంటుంది. ఆ సంగతి కోసమైనా ఈ వ్యాసం రాయాలనిపించింది.

పాము రెండు మీటర్లలోనే ఉంటుంది

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక అర్ధరాత్రి మోటారు వేయడానికి పరుగెత్తే బాధ చాలా తగ్గింది. అయినా రాత్రి పొలానికి పోని రైతు లేడు. మడవ తెగితే పోవాలి, నీళ్ళ వంతు వస్తే పోవాలి, ఆవు ఈనుతుంటే పోవాలి, కళ్ళంలో ధాన్యం ఉంటే పడుకోవాలి.

2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాము కాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయి ఉంటారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి సగటున 58 వేల మంది. మన తెలుగు ప్రాంతాలు ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు లోపే. అంటే మనం నాట్లు వేసి, నీళ్ళు పెట్టే రోజుల్లోనే.

కట్లపాము రాత్రి తిరిగే పాము. రక్తపింజర ఎండుటాకుల్లో, గడ్డిలో కలిసిపోతుంది. కాటు పడేది అడుగు దూరంలో. దూరం కొట్టే లైటులో నడిమి వెలుగు మూడు నుంచి అయిదు డిగ్రీల వెడల్పే ఉంటుంది. అయిదు డిగ్రీలు అనుకున్నా, రెండు మీటర్ల దూరంలో అది 17 సెంటీమీటర్ల చుక్క. జానెడు కూడా కాదు. దాని చుట్టూ కొంచెం పలచటి వెలుగు ఉంటుంది కానీ, నడిమి చుక్క కళ్ళు జిగేలుమనిపించడం వల్ల ఆ పలచటి వెలుగులో ఉన్నది మనకి ఆనదు. అదే 90 డిగ్రీలు పరుచుకునే హెడ్‌లైటు అయితే రెండు మీటర్ల దూరంలో నాలుగు మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. గట్టు, గట్టుకి రెండు పక్కలా పిల్లకాలవ, అన్నీ ఒకేసారి కళ్ళముందు ఉంటాయి.

రంగు కూడా చూడాలి. నీలం కలిసిన తెల్ల వెలుగులో ఎండుగడ్డి, రక్తపింజర మచ్చలు రెండూ ఒకేలా పాలిపోయి కనిపిస్తాయి. 4000 నుంచి 5000 కెల్విన్ అని రాసి ఉండే లైటు పగటి రంగుకి దగ్గరగా ఉంటుంది. సీఆర్ఐ 90 అని రాసి ఉంటే ఇంకా మంచిది. ఆకు మీద పసుపు మచ్చ పోషక లోపమా తెగులా అని రాత్రి చూడాలన్నా ఈ లైటే కావాలి. అయితే ఎంత మంచి లైటు ఉన్నా కాళ్ళకి మోకాళ్ళ దాకా బూట్లు మాత్రం మానొద్దు. కాటు పడితే కోయడం, కట్టడం, మంత్రాలు వద్దు. నేరుగా 108, నేరుగా ఆసుపత్రి.

లక్ష ల్యూమెన్ల కథ

ఇప్పుడు ఆన్‌లైన్ అంకెల సంగతి. ఎక్కువ టార్చిల్లో 18650 అనే బ్యాటరీ ఉంటుంది. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు, అందుకే ఆ పేరు. ఎంత మంచి కంపెనీదైనా ఇందులో 3500 ఎంఏహెచ్ చుట్టుపక్కలే పడుతుంది. 9900 ఎంఏహెచ్ అని రాసి ఉంటే ఇంకేం ఆలోచించకండి, అబద్ధం. కొంచెం లావుగా ఉండే 21700 బ్యాటరీలో 5000 దాకా ఉంటుంది.

3500 ఎంఏహెచ్, 3.6 వోల్టులు అంటే 12.6 వాట్ అవర్లు. మంచి ఎల్ఈడీ ఒక వాట్‌కి సుమారు 100 ల్యూమెన్లు ఇస్తుంది అనుకుందాం. అంటే ఒక బ్యాటరీతో 1000 ల్యూమెన్లు గంటా పావు, 500 ల్యూమెన్లు రెండున్నర గంటలు, 100 ల్యూమెన్లు పన్నెండు గంటలు. ఈ లెక్కన ఇంతకు మించి రాదు. సంచిలో ఉన్న బియ్యమే కదా వండుకునేది.

మరి లక్ష ల్యూమెన్లు అంటే? వెయ్యి వాట్లు కావాలి. మన ఒక హెచ్‌పీ మోటారు 746 వాట్లు. బొటనవేలంత బ్యాటరీతో హెచ్‌పీ మోటారు కంటే ఎక్కువ పవరు వస్తుందని చెప్తే నమ్ముతామా? టార్చి డబ్బా మీద రాస్తే మాత్రం నమ్ముతున్నాం.

పోల్చుకోవడానికి ఒక లెక్క చెప్తాను. పాత 60 వాట్ల గుండు బల్బు 700 ల్యూమెన్ల చుట్టుపక్కల. కారు హాలోజెన్ బల్బు డిమ్‌లో సుమారు వెయ్యి ల్యూమెన్లు. ఆ వెయ్యితోనే రాత్రి కారు నడుపుతున్నాం. గట్టు మీద నడవడానికి 100 నుంచి 200 ల్యూమెన్లు చాలు. మోటారు స్టార్టర్ విప్పి రిపేరు చేయడానికి 100 కూడా ఎక్కువే, దగ్గర్లో కళ్ళు జిగేలుమంటాయి.

నిజంగానే నాలుగైదు వేల ల్యూమెన్లు ఇచ్చే మంచి టార్చిలు ఉన్నాయి. కానీ చాలావాటిల్లో ఆ వెలుగు ఒకటి రెండు నిమిషాలే. వేడెక్కగానే అదే తగ్గించుకుంటుంది. డబ్బా మీద "4 గంటలు" అని ఉంటుంది, అదీ అబద్ధం కాదు. ప్రమాణం ప్రకారం వెలుగు మొదట్లో ఉన్నదాంట్లో పదో వంతుకి పడేదాకా పట్టే సమయం అది. మొదటి నిమిషం 5000, మిగతా సమయమంతా వెయ్యో, ఆరొందలో. అందుకే "పెద్ద వెలుగు ఎంత?" అని అడగకండి. "మధ్య రకం వెలుగు ఎన్ని గంటలు నిలబడుతుంది?" అని అడగండి. అలాగే ఇంత పవరున్న టార్చిని వెలుగుతుండగా గడ్డి మీద, గోనె సంచి మీద బోర్లా పెట్టొద్దు. ఆ వేడికి కాలే ప్రమాదం ఉంది.

ఇంట్లోనే కొలుచుకునే రెండు పరీక్షలు

వీడియోలో ఇవి రెండూ చేసి చూపించాను. ఫోన్‌లో లక్సు మీటర్ యాప్ ఏదైనా ఒకటి వేసుకుంటే చాలు. ఫోన్ మీటరు కచ్చితంగా ఉండదు. కానీ రెండు టార్చిలు పోల్చడానికి, పెద్ద అబద్ధం పట్టుకోవడానికి సరిపోతుంది.

మొదటిది ల్యూమెన్ల పరీక్ష. రాత్రి గది తలుపులు మూసి, బల్ల మీద ఫోన్ పెట్టండి. పక్కనే టార్చిని నిలబెట్టి తెల్లటి స్లాబు వైపు వెలిగించండి. వెలుగు స్లాబుకి తగిలి గదంతా పరుచుకుని ఫోన్ మీద పడుతుంది. అర నిమిషం ఆగి అంకె రాసుకోండి. ఇప్పుడు అదే చోట రెండో టార్చి పెట్టండి. మొదటిది 20, రెండోది 40 చూపిస్తే రెండో దాంట్లో మొత్తం వెలుగు రెండింతలు. పది నిమిషాల తర్వాత మళ్ళీ చూడండి. వేడెక్కి ఎంత తగ్గిందో బయటపడుతుంది.

రెండోది దూరం పరీక్ష. ఆరుబయట చీకట్లో ఫోన్‌ని గోడకి ఆనించి, సరిగ్గా అయిదు మీటర్ల దూరం నుంచి టార్చి నడిమి వెలుగు ఫోన్ సెన్సారు మీద పడేలా కొట్టండి. సెన్సారు ముందు కెమెరా పక్కనే ఉంటుంది. వచ్చిన అంకెని 25తో గుణించండి, అదే క్యాండెలా. 400 లక్సులు వస్తే 10,000 క్యాండెలా, అంటే 200 మీటర్ల టార్చి. కిలోమీటరు టార్చి నిజమైనదే అయితే అయిదు మీటర్ల దగ్గర 10,000 లక్సులు రావాలి. 600 వచ్చిందనుకోండి, అది 245 మీటర్ల టార్చి. ఫోన్ అటూ ఇటూగా చూపించినా ఇంత తేడా చూపించదు కదా.

కొన్న వారంలోపు ఈ పరీక్ష చేస్తే వెనక్కి ఇచ్చే గడువులోనే ఇచ్చేయొచ్చు.

వెలుగు కూడా మనం పొలంలో వేసే ఇన్‌పుట్టే

ఇక ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళకి మాత్రమే చెప్పే మాట. మనం మందు కొట్టం కాబట్టి పొలంలో రాత్రి బతికే జీవాలు మనకి కూలి అడగని పనివాళ్ళు. నీలం కలిసిన తెల్ల వెలుగుకి రెక్కల పురుగులు ఎక్కువ వస్తాయి. దీపపు ఎర పెట్టేది అందుకే. కానీ షెడ్డు మీద ఫ్లడ్ లైటు తెల్లార్లూ వెలిగిస్తే, అది చుట్టుపక్కల పురుగుల్ని మన పొలానికి పిలిచినట్టే. మిణుగురు పురుగులు ఒకదాన్నొకటి వెలుగుతోనే పిలుచుకుంటాయి, మన లైట్లు ఆ పిలుపుని చెడగొడతాయి. వాటి పిల్లలు నత్తల్ని తింటాయని ఎంతమందికి తెలుసు?

తక్కువ వెలుగు పెట్టుకుని పొలంలో తిరిగితే లాభం ఏంటో ఒక ఉదాహరణ. పొగాకు లద్దె పురుగు పగలు మట్టిపెళ్ళల కింద, చెత్త కింద దాక్కుంటుంది. రాత్రి పైకొచ్చి తింటుంది. గట్టు మీద ఎర పంటగా వేసిన ఆముదం ఆకులు సాయంత్రం దాటాక చిన్న హెడ్‌లైటుతో తిరగేస్తే అది చేతికి దొరుకుతుంది. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి కాబట్టి ఏరడం సులువు.

ఇంకా అందమైన పని ఒకటి. వరి మడిలో గూడు అల్లకుండా పరుగెత్తే సాలెపురుగు ఉంటుంది, లైకోసా అంటారు. సుడిదోమని తినే మన మిత్రుడు. దాని కళ్ళు వెలుగుని తిప్పికొడతాయి. చిన్న టార్చిని కణత పక్కన, కంటి ఎత్తులో పెట్టుకుని పది అడుగుల అవతలి దుబ్బుల మొదళ్ళ వైపు చూడండి. నీలం ఆకుపచ్చ కలిసిన సూదిమొన చుక్కలు మిలమిలలాడతాయి. మంచు బిందువు అయితే మీరు కదిలితే రంగు మారుతుంది, ఆరిపోతుంది. సాలెపురుగు కన్ను నిలకడగా మెరుస్తుంది. చెయ్యి కిందికి దించి పట్టుకుంటే కనపడదు, కంటి పక్కనే ఉండాలి. పది దుబ్బులు చూసి ఎన్ని చుక్కలు ఉన్నాయో లెక్కపెట్టుకుంటే మీ పొలంలో కాపలా ఎలా ఉందో తెలిసిపోతుంది. దోమ కనిపించగానే కషాయం డబ్బా ఎత్తే ముందు ఈ లెక్క ఒకసారి చూసుకోండి. దీనికి వంద ల్యూమెన్లు చాలు. లక్ష ల్యూమెన్లు ఉన్నవాడికి ఇది కనపడదు, ఆకుల వెలుగే కళ్ళు కమ్మేస్తుంది.

మన కళ్ళ సంగతి కూడా అంతే. చీకటికి కళ్ళు పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. ఒక్కసారి పెద్ద వెలుగు కొడితే ఆ అలవాటంతా పోయి, లైటు ఆపగానే గుడ్డివాళ్ళమైపోతాం.

మరి ఏం కొనాలి?

నా సలహా ఒక పెద్ద టార్చి బదులు రెండు చిన్నవి. ఒకటి తలకి పెట్టుకునే వెడల్పు హెడ్‌లైటు, 100 నుంచి 300 ల్యూమెన్లు, కనీసం ఆరేడు గంటలు నిలబడేది. రెండోది చేతి టార్చి, 10,000 నుంచి 20,000 క్యాండెలా మధ్యలో. రెండింట్లో ఒకే రకం బ్యాటరీ పడితే మంచిది, ఒకటి స్పేరు ఉంచుకోవచ్చు. ఒకటి ఆగిపోతే రెండోది ఉంటుంది. చీకట్లో పొలం మధ్యలో ఆ ధైర్యం చిన్నది కాదు.

ఐపీఎక్స్ 4 అంటే వాన జల్లుకి తట్టుకుంటుంది. ఐపీఎక్స్ 7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట పడినా బతుకుతుంది. మడిలో పనిచేసేవాళ్ళకి 7 ఉండాలి. ముందుకీ వెనక్కీ జరిపే జూమ్ టార్చిల్లో ఆ సందులోంచి నీరు, దుమ్ము పోయే అవకాశం ఎక్కువ. చలికాలం పొగమంచులో హెడ్‌లైటు కళ్ళముందే తెల్లటి తెర కట్టేస్తుంది. అప్పుడు దాన్ని తీసి నడుము దగ్గర పట్టుకోండి, దారి కనిపిస్తుంది. లిథియం బ్యాటరీ ఉబ్బితే పారేయండి, గడ్డివాము పక్కన ఛార్జింగ్ పెట్టొద్దు. పాత సీల్డ్ లెడ్ బ్యాటరీ లైటు ఇంట్లో ఉంటే దాన్ని ఖాళీగా వదిలేయకుండా నెలకోసారైనా ఛార్జింగ్ పెడితే ఎక్కువ రోజులు వస్తుంది.

విత్తనం కొనేటప్పుడు సంచి మీద బొమ్మ చూసి కొనం. మొలక శాతం చూస్తాం, తడిగుడ్డలో వంద గింజలు వేసి చూసుకుంటాం. టార్చికి కూడా ఆ పాటి పరీక్ష చేయండి. మీ టార్చికి అయిదు మీటర్ల దగ్గర ఎన్ని లక్సులు వచ్చాయో, డబ్బా మీద ఏం రాసి ఉందో వీడియో కింద రాయండి. అందరి అంకెలూ కలిపి ఒక పట్టిక చేసి పెడతాను, కొత్తగా కొనేవాళ్ళకి పనికొస్తుంది.

ఉంటాను. రాత్రి పూట బూట్లు మర్చిపోకండి.